లూడ్విగ్ పెర్కో తుపాకీ పట్టవచ్చునా?

సెప్టెంబరు 14, 1998. సోమవారం. పొద్దున పొగమంచు, పదింటికి విడిపోయింది. రెండు రంపాలకు పళ్ళు నూరాను.

టమరాక్ కౌంటీ వేట లైసెన్సుల ఆఫీసులో ఈ ఉత్తరం విప్పినవారికి,

పై మూడు ముక్కలు నా రోజు పుస్తకం అలవాటు. అవి రాయందే నా కలం ముందుకు కదలదు. పట్టించుకోకండి.

నా పేరు లూడ్విగ్ పెర్కో. అరవై ఒకటో ఏడు. ఎల్మ్ ఫోర్క్‌లో రంపాలు నూరుతాను. 1971 జనవరిలో కౌంటీ వారి మంచు తోసే బండిని అడక్కుండా తీసుకువెళ్ళాను. మా వీధిలో మూడు వారాలుగా మంచు తియ్యలేదు. అడిగితే వరసలో ఉంది అన్నారు. నేను వరస మార్చాను. బండిని సాయంత్రానికి తిరిగి అప్పగించాను. దారిలో కౌంటీ పెద్ద ఒకాయన కారు షెడ్డు ఆ రోజు దాకా ఉండేది. అరవై రోజులు జైల్లో ఉన్నాను. పెద్దనేరం కాబట్టి ఇక తుపాకీ జోలికి పోవద్దని మా వకీలు చెప్పాడు. పోలేదు.

ఏటా నవంబరులో జింకల వేట మొదలైనప్పుడు మా ఆవిడ అన్నగారు రోమన్ స్ట్రుకెల్ కేబిన్‌కు ఆరుగురం వెళ్తాం. పది రోజులు ఉంటాం. అయిదుగురు వేటాడతారు, నేను వండుతాను. ఇరవై ఏడేళ్ళుగా ఇదే. ఈ వసంతంలో ఆ ఆరుగురిలో ఒకడు, మాటి కాంగస్, చనిపోయాడు. తన రైఫిల్ నాకు ఇవ్వమని రాసిపెట్టి పోయాడు. మా కేబిన్‌లో ఒక పద్ధతి ఉంది. పోయినవాడి మంచె ఆ ఏడే, వేట మొదటిరోజే, మనలో ఒకడు ఎక్కాలి. రోమన్ నా వైపు చూస్తున్నాడు. "ఎప్పటి మాటో బావా అది! ఇంకా నిషేధమేమిటి? రాసి కనుక్కో" అంటాడు.

కనుక రాస్తున్నాను. చట్టం ఒప్పుకుంటే మంచె ఎక్కాలి. ఒప్పుకోకపోతే పొయ్యి దగ్గరే ఉంటాను. పొయ్యి దగ్గర నాకు లోటేమీ లేదు. ఏ సంగతైనా గట్టిగా రాయండి. రబ్బరు ముద్ర వెయ్యండి. ముద్ర లేని కాగితాన్ని రోమన్ నమ్మడు. ఫోను చేయవద్దు, ఫోనులో నాకు మాట రాదు.

ఇట్లు,
లూడ్విగ్ పెర్కో

తా.క. "వీల్లేదు" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటే రోమన్‌కు కళ్ళజోడు వెతుక్కునే పని తప్పుతుంది.

*

సెప్టెంబరు 21

పెర్కో గారికి, కిటికీ నంబరు రెండు నుంచి ఇనెజ్ హాల్‌బర్గ్ రాస్తున్నది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇరవై ఏడేళ్ళు! స్నేహితులు అడవిలోకి వెళ్తుంటే మీరు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడడం నా కళ్ళకు కట్టింది. పంతొమ్మిదేళ్ళుగా నేను ఈ కిటికీ దగ్గర ఉన్నాను. ఇంతవరకూ ఎవరినీ ఉత్తచేతులతో వెనక్కి పంపలేదు.

ముందు చేదు మాట. ఏడాదికి మించి జైలు పడగల పెద్దనేరం రుజువైనవాడు తుపాకీ కొనకూడదు, పట్టకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. తూటాలు కూడా అంతే. సొంతం కాదు, ఎవరో ఇచ్చి వెళ్ళారు అంటే కుదరదు. చెయ్యి చాస్తే అందేచోట ఉంటే చాలు. కనుక మాటి కాంగస్ గారి రైఫిల్‌ను మీ గడప దాటనివ్వకండి.

ఇప్పుడు తీపి మాట. విల్లు తుపాకీ కాదు! మన రాష్ట్రంలో మీలాంటివారు విల్లంబులతో నిక్షేపంగా వేటాడవచ్చు. దరఖాస్తు జతచేశాను. వచ్చే శనివారం జరిగే విలువిద్య తరగతిలో మీ పేరు కూడా రాసేశాను, ముందు వరస.

మీ మేలు కోరే,
ఇనెజ్ హాల్‌బర్గ్

తా.క. "వీల్లేదు" పెద్ద అక్షరాల్లో వెయ్యలేదు. మా టైపు మిషన్‌లో ఆ మీట విరిగింది. విరగకపోయినా మీ మనసు నొప్పించేదాన్ని కాదు.

ఇంకో తా.క. ఇంతకూ ఆ పది రోజులూ ఏం వండుతారు?

*

సెప్టెంబరు 28. వాన, మధ్యలో తెరిపి లేదు. కట్టెల పాక కప్పుకు రెండు రేకులు మార్చాను.

ఇనెజ్ హాల్‌బర్గ్ గారికి,

మీ ఉత్తరంలో మొదటి సగానికి కృతజ్ఞతలు. దాన్ని రోమన్‌కూ ఆర్విడ్ లంపీకీ గట్టిగా చదివి వినిపించాను. ఆర్విడ్ మా పక్కింటివాడు, కేబిన్‌లో మూడో మంచె అతనిది. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు వచ్చింది. రోమన్ కాగితం లాక్కుని మిగతాది తనే చదివాడు.

"ఓరి నీ దుంపతెగ! విల్లు తుపాకీ కాదట బావా! మరి ఇన్నేళ్ళూ గరిటె తిప్పుతూ కూర్చున్నావెందుకు?"

"నాకు తెలియదు కదా" అన్నాను.

"ఇప్పుడు తెలిసిందిగా! ఒరే ఆర్విడూ, మీ ఇంట్లో విల్లుందా?"

"మా అమ్మాయిది ఉంది. గులాబీ రంగు. పర్లేదా?" అన్నాడు ఆర్విడ్. జవాబు కోసం ఆగకుండా వానలో పరిగెత్తుకెళ్ళి తెచ్చాడు.

పట్టుకుని లాగాను. సగం దాకా వచ్చింది. నలభై ఏళ్ళు రంపం పట్టిన కుడి భుజం అండీ. అంతకన్నా రాదు. కనుక శనివారం తరగతికి నేను రాలేదు, ముందు వరస ఖాళీగా ఉంటే అది నాదే. భుజం సరిలేనివాడు విల్లు కూడా పట్టరాదని ఒక ముక్క రాసి, ముద్ర వేసి పంపగలరా? పొట్టిగా ఉన్నా చాలు.

మీరు అడిగారు కాబట్టి: మొదటిరోజు బఠాణీ పులుసు. రెండోరోజు క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండే సార్మా. ఆదివారాలు అక్రోటు రొట్టె. మిగతా రోజులు ఏది మిగిలితే అది.

నమస్కారాలతో,
లూ. పెర్కో

తా.క. మా కేబిన్‌లో తుపాకులు నాకు అందేచోట లేవు, భయపడకండి. నా మూలంగా 1971 నుంచి వాటిని బయట కట్టెల కొట్టంలో ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నారు. తాళంచెవి రోమన్ మెళ్ళో, ఉన్ని బనీను కింద. దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. చూడాలని కూడా లేదు. తుపాకీ భుజాన ఉన్నవాడికి పులుసు వడ్డిస్తే నేరమవుతుందా?

*

అక్టోబరు 5

పెర్కో గారూ, నిరాశపడకండి!

భుజం చెడినవారిని చట్టం మరిచిపోలేదు. వారి కోసమే క్రాస్‌బో అనే మీట విల్లుకు అనుమతి ఉంది. దాన్ని లాగి పట్టుకుని నిలబడనక్కర్లేదు. ముందే బిగించి, భుజానికి ఆనించి, మీట నొక్కడమే. చిన్నపిల్లలు కూడా నొక్కగలరు. డాక్టరు ఒక ఫారం మీద సంతకం చేస్తే చాలు. ఫారం జతచేశాను. మీ పేరు, ఊరు నేనే నింపాను, మీకు శ్రమ ఎందుకని.

పట్టు వదలకండి. మీలాంటి పట్టుదల ఉన్న మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

మీ,
ఇనెజ్ హాల్‌బర్గ్

తా.క. పులుసు వడ్డించడం నేరం కాదు. మా పై అధికారిని కూడా అడిగాను. ఆయన చాలాసేపు నా వైపు చూసి కాదన్నారు.

*

అక్టోబరు 11. తొలి మంచు, నేల మీద నిలవలేదు. పొగగొట్టంలో మసి దులిపాను.

ఇనెజ్ గారికి,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రోమన్ తోడు వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు.

నేను వెళ్ళింది ఒక ఆలోచనతో. భుజం బాగానే ఉందని డాక్టరు అంటాడు, ఫారం చింపేస్తాడు, సంగతి అక్కడితో అయిపోతుంది అనుకున్నాను. ఆయన చెయ్యి పైకెత్తించాడు, వెనక్కి తిప్పించాడు. "ఏమయ్యా లూడ్విగ్, ఇది అయిదేళ్ళ నుంచి చెడిపోయి ఉంది. ఇంతకాలం ఏం చేస్తున్నావు?" అని మందలించి సంతకం పెట్టాడు. అంతవరకూ నొప్పి లేదు. అప్పటి నుంచి ఉంది.

బయట రోమన్ ఫారం చూసి నన్ను ఎత్తి తిప్పినంత పని చేశాడు. "చూశావా! నీ భుజం కూడా కలిసొచ్చింది!"

ఇనెజ్ గారూ, ఒక సంగతి ముందే చెప్పవలసింది. నాకు దూరపు చూపు ఆనదు. నూరు గజాల అవతల జింకకూ పోస్టుమాన్‌కూ తేడా తెలియదు. మా పోస్టుమాన్ మంచివాడు. అతని మేలు కోరి ఆలోచించండి. చూపు లేనివాడి చేతికి ఏ విల్లూ ఇవ్వరాదని కదా చట్టం? ఆ మాట రాసి పంపితే నేను ఇంకేమీ అడగను.

ఉంటాను,
లూ. పెర్కో

తా.క. వేరే పొట్లంలో అక్రోటు రొట్టె పంపాను. అది లంచం కాదు. లంచమని చట్టం అంటే, అది ఏ పాటి నేరమో కాస్త రాయండి.

*

అక్టోబరు 16

నా మంచి పెర్కో గారికి,

మీ ఉత్తరం చదువుతూ నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. చూపు ఆనని మనిషి కూడా ఆశ వదులుకోకుండా మళ్ళీ మళ్ళీ రాస్తున్నారు! చట్టం మీకన్నా ముందే ఆలోచించింది. మన రాష్ట్రంలో చూపు లేనివారికి ప్రత్యేక అనుమతి ఉంది. పక్కన చూపున్న సహాయకుడు నిలబడి గురి చెబుతాడు, మీరు మీట నొక్కుతారు. సహాయకుడి పేరు రాయాలి కదా అని ఆలోచిస్తుండగానే మీ రోమన్ స్ట్రుకెల్ గారు ఫోను చేశారు. ఆయన పేరు రాసేశాను. చాలా ఉత్సాహవంతులు. రిసీవరు చెవికి జానెడు దూరంలో పెట్టుకుని విన్నాను.

అయితే నాకు తృప్తి కలగలేదు. విల్లూ, సహాయకుడూ, ఇవన్నీ పక్క సందులు. మీకు రాజమార్గం కావాలి. పాత శిక్షపడ్డవారు హక్కులు తిరిగి ఇమ్మని కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. మీ అర్జీ నేనే తయారుచేస్తాను. 1971 నాటి మీ ఫైలు కోర్టు నేలమాళిగలో ఉందట. వచ్చే బుధవారం మధ్యాహ్నం భోజనం మానేసి నేనే దిగి వెతుకుతాను. వేట మొదటిరోజు నవంబరు ఏడు. ఈలోగా మాటి గారి రైఫిల్ మీ చేతిలో ఉంటుంది. ఇది నా మాట.

మీ,
ఇనెజ్

తా.క. రొట్టె లంచం కాదు. సాక్ష్యం కూడా మిగల్లేదు. పదకొండు గంటలకల్లా ఆఫీసంతా కలిసి తినేసింది.

*

అక్టోబరు 20. చలి. గాలి ఉత్తరం నుంచి. ఏమీ చేయలేదు.

ఇనెజ్ గారికి,

దయచేసి నేలమాళిగలోకి దిగకండి. మెట్లు జారుతాయి. పాత కాగితాల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మధ్యాహ్నం భోజనం మానకూడదు. ఆ ఫైలును ఎలుకలు కొట్టేసి ఉంటే నేను ఎవరినీ ఏమీ అనను.

లూ. పె.

తా.క. ఈ ఉత్తరం వేగంగా చేరాలని పోస్టుమాన్ వెంట పరిగెత్తి ఇచ్చాను. ఆనవాలు పట్టడానికి కాస్త సమయం పట్టింది.

*

అక్టోబరు 21

పెర్కో గారూ! కూర్చున్నారా? కూర్చోండి.

ఈ ఉత్తరం టైపు చేయలేదు, చేత్తో రాస్తున్నాను. మీ ఫైలు దొరికింది.

మొదట మీ మీద పెట్టింది పెద్దనేరమే. నిజం. ఆ కాగితం పైనే ఉంది. కానీ దాని కింద ఇంకో కాగితం ఉంది. మీ వకీలు, ప్రభుత్వ వకీలు కూర్చుని మాట్లాడుకున్నారు. మీరు ఒప్పుకున్నది "యజమాని అనుమతి లేకుండా వాహనం వాడుట". అది చిన్ననేరం. దానికి ఎంత ఎక్కువ శిక్ష వేసినా తొంభై రోజులు. మీకు అరవై వేశారు. ఆపైన మూడేళ్ళు మంచి నడవడితో ఉండాలన్నారు. ఆ మూడేళ్ళు మాత్రమే తుపాకీ ముట్టరాదన్నారు. అది 1974 మార్చిలో ముగిసిపోయింది.

మీరు పెద్దనేరం చేసినవారు కారు. ఎప్పుడూ కారు. గత ఇరవై నాలుగున్నరేళ్ళుగా ఏ తుపాకీనైనా, ఏ రోజైనా, మీరు అందరిలాగే పట్టవచ్చు. కాగితం అడుగున మీ సంతకం ఉంది. చదవకుండా పెట్టారా?

నేలమాళిగ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. కోర్టు గుమాస్తా ఎవరైనా పోయారా అని అడిగాడు. కాదు, ఒకాయన తిరిగొచ్చాడు అన్నాను.

ఆనందంతో,
ఇనెజ్

తా.క. మీ లైసెన్సు నేనే నింపి ఇందులో పెట్టాను. తుపాకీ లైసెన్సు, మామూలుది, అసలుది. మీ సంతకం ఒక్కటే తక్కువ. రోమన్ గారికి నమ్మకం కుదరాలని ముద్ర మూడుచోట్ల వేశాను.

*

అక్టోబరు 24. మబ్బు. రంపం ఒకటి నూరాను, మళ్ళీ అదే నూరాను.

ఇనెజ్ గారికి,

కూర్చున్నాను. చదివాను. మళ్ళీ చదివాను.

ఆ సంతకం నాదే. చదవలేదు. నేను దొరికిన ప్రతి కాగితమూ చదువుతాను. బడికి ఆరేళ్ళే వెళ్ళాను, తక్కినదంతా పాత పత్రికల నుంచి నేర్చుకున్నదే. అది ఒక్కటే చదవలేదు. ఆ రోజు వకీలు తొందరలో ఉన్నాడు, నేను సిగ్గుతో ఉన్నాను. "తుపాకీ జోలికి పోకు" అని ఆయన అన్నది ఒక్కటే చెవిలో పడింది. ఎంతకాలమో అడగలేదు. అడగాలని అనిపించలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

పద్నాలుగో ఏట మా నాన్నతో వెళ్ళి ఒకసారి జింకను కాల్చాను. తగిలింది. దగ్గరికి వెళ్ళాను. అది ఇంకా చూస్తోంది. తర్వాతి సంగతి రాయడం నాకు చేతకాదు.

మా ఊళ్ళో మగవాడు వేట ఇష్టం లేదంటే జ్వరం వచ్చిందా అని అడుగుతారు. ఇరవై ఏళ్ళు ఏదో ఒక సాకు చెప్పాను. పెళ్ళయ్యాక రోమన్ దగ్గర నా సాకులు చెల్లలేదు. అప్పుడు మంచు బండి గొడవ వచ్చింది. జైలు నుంచి తిరిగొచ్చాక నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. తుపాకీ ఇవ్వలేదు. గరిటె ఇచ్చారు. నాకు ఆ పది రోజులు కావాలి. వాళ్ళ ముచ్చట్లూ, తడిసిన మేజోళ్ళ వాసనా, పులుసు ఇంకాస్త పొయ్యమని గిన్నెలు చాపడమూ. ఏడాదంతా దానికోసమే రంపాలు నూరుతాను. తుపాకీ పట్టి అక్కడ ఉండలేను. పట్టనని చెబితే ఉండనిస్తారో లేదో తెలియదు. ఇన్ని ఉత్తరాలూ మిమ్మల్ని "వద్దు" అనమని రాసినవే. మీరు అనలేదు. మీ తప్పు కాదు.

చివరగా ఒక ప్రశ్న. ఎవరికీ నష్టం లేకుండా, నవంబరు ఏడు లోపల, పెద్దనేరం ఏదైనా చేసే వీలుందా?

లూడ్విగ్

తా.క. కౌంటీ మంచు బండి పాత యార్డులోనే ఉంది. తాళంచెవి ఇప్పటికీ దానిలోనే వదిలేస్తున్నారు. నిన్న చూసి వచ్చాను. ఊరికే చూశాను.

*

అక్టోబరు 28

లూడ్విగ్ గారూ, ఆ బండి దగ్గరికి వెళ్ళకండి! ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా ఇల్లు కదలకండి.

మీ ఉత్తరాలన్నీ బల్ల మీద వరసగా పరిచి మళ్ళీ చదివాను. మీరు ప్రతిసారీ ఒకే తలుపు మూయమని అడిగారు. నేను ప్రతిసారీ పరిగెత్తుకెళ్ళి ఇంకో తలుపు తెరిచాను. ఈ కిటికీ దగ్గర పంతొమ్మిదేళ్ళుగా అందరూ అడిగేది ఒక్కటే, ఎలాగైనా ఇప్పించండి అని. ఎలాగైనా ఇవ్వకండి అని ఒక మనిషి అడుగుతాడని నా బుర్రకు తట్టలేదు. క్షమించండి. మీ భుజాన్ని, కళ్ళను, చివరికి మీ బావగారిని కూడా మీ మీదికి ఉసిగొల్పాను.

మీరు అడిగిన పని చేయలేను. మీరు నేరస్థులని అబద్ధం రాయలేను. కానీ పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి మా చట్టం పుస్తకం మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. ఎవరు వేటాడకూడదో, ఎక్కడ, ఎప్పుడు, దేనితో వేటాడకూడదో నూటముప్ఫై పుటల నిండా ఉంది. వేటాడి తీరాలని ఒక్క వాక్యం కూడా లేదు. కనుక ఈ కింది కాగితం పంపుతున్నాను. ఇందులో అబద్ధం లేదు. ముద్ర వేయడానికి మా పై అధికారి కూడా ఒప్పుకున్నారు. ఆయన ఇప్పుడు నేను ఏమడిగినా ఒప్పుకుంటున్నారు.

"సంబంధించిన వారందరికీ: ఎల్మ్ ఫోర్క్ నివాసి లూడ్విగ్ పెర్కో చట్టప్రకారం వేటాడవచ్చు. వేటాడనక్కర్లేదు."

రెండో వాక్యం పెద్ద అక్షరాల్లో వేశాను. మీట బాగుచేయించాను.

దీన్ని చూపించి, మీ నోటితో మీరే చెప్పండి. నేను చేయగలిగింది ఇంతవరకే.

మీ,
ఇనెజ్

తా.క. మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. ఈ చేతులతో ఎన్ని వేల వేట లైసెన్సులు ఇచ్చానో లెక్క లేదు. నేను మాంసం తినను. ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఏటా వాళ్ళు ఇచ్చే జింక మాంసం మా కుక్క తింటుంది. ఆ సార్మాలో మాంసానికి బదులు పుట్టగొడుగులు పెడితే కుదురుతుందా?

*

నవంబరు 7. శనివారం. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, మంచు జోడు మునిగేంత. పులుసు పొయ్యి మీద పెట్టి వచ్చాను.

ఇనెజ్ గారికి,

ఈ ఉత్తరం మాటి మంచె మీద కూర్చుని రాస్తున్నాను. చేతిలో కలం తప్ప ఏమీ లేదు. కంగారుపడకండి, వరసగా చెబుతాను.

నిన్న మధ్యాహ్నం కేబిన్ చేరగానే, ఇంకా ఎవరూ కోటు విప్పకముందే, మీ రెండు కాగితాలూ చదివాను. ముందు కోర్టు సంగతి చదివాను. వింటూనే రోమన్ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"అంటే నువ్వు నేరస్థుడివి కావా? ఇరవై నాలుగేళ్ళ నుంచీ కావా? ఇటు చూడు! ఈ తాళంచెవికి నా ఛాతీ మీద మచ్చ పడింది! తెల్లారకముందే లేచి గడ్డకట్టిన కొట్టంలోకి వెళ్ళి, ఆ పెట్టె తాళానికి ఊపిరి ఊది ఊది కరిగించుకుని... ఎవడి కోసంరా ఇదంతా?"

"నా కోసం" అన్నాను.

"ఒక్క కాగితం చదువుకోలేకపోయావా బావా! ఊళ్ళో అందరి కాగితాలూ చదువుతావే!"

అప్పుడు రెండో కాగితం చదివాను. చదివి, పద్నాలుగో ఏటి సంగతి చెప్పాను. మీకు రాసినంత కూడా చెప్పలేదు. మూడు ముక్కలు. చెబుతూ సామాను సంచీ చేతిలోనే పట్టుకుని ఉన్నాను, వెళ్ళమంటే వెళ్దామని.

మొదట నోరు తెరిచింది ఆర్విడ్. "ఆగండాగండి. ఈయన మంచె ఎక్కితే రేపు వంట ఎవరు చేస్తారు?"

అందరూ పొయ్యి వైపు చూశారు. పొయ్యి మీద ఏమీ లేదు. అంత భయంగా నా స్నేహితుల ముఖాలు నేను ఎప్పుడూ చూడలేదు. రెండునెలలుగా నన్ను మంచె ఎక్కించడానికి ఊరంతా తిరిగారు కానీ, ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదట.

"అది సరే, మరి మాటి మంచె? పద్ధతి పద్ధతే కదా" అంటూ రోమన్ తను వెంట తెచ్చిన మాటి రైఫిల్ పెట్టె తెరిచాడు. నాకు ఇవ్వడానికి కాదు, తనకు ఏం చేయాలో తోచక. తుడుద్దామని తూటాను లోపలికి నెట్టే బోల్టు బయటికి తీశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూశాడు.

"దీనికి పిన్ను లేదు" అన్నాడు.

తూటా వెనక కొట్టే పిన్ను అండీ. అది లేకపోతే ఎంత నొక్కినా టక్కుమని చప్పుడు తప్ప ఏమీ ఉండదు. విరిగిపోలేదు. ఎవరో శ్రద్ధగా విప్పి తీసి, ఆ చోట తుప్పు పట్టకుండా నూనె రాసి మూసిపెట్టారు. మాటి తన తుపాకీని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

రోమన్ బల్ల మీద కూలబడ్డాడు. "పదకొండేళ్ళుగా వాడు ఒక్క జింకనీ తేలేదు. ఏరా అంటే గురి తప్పింది అనేవాడు. నేను వాడికి కళ్ళజోళ్ళ దుకాణం చూపించాను. గురి పలక కొనిచ్చాను. ఒక వేసవంతా కూర్చోబెట్టి నేర్పించాను!"

"నేర్చుకున్నాడా?" అన్నాడు ఆర్విడ్.

రోమన్ ముందు నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు ఆర్విడ్ కూడా తన మంచె మీద దిండు ఉందనీ, మొన్నటేడు తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా నిద్రపోయాననీ ఒప్పుకున్నాడు. మిగతా ఇద్దరిలో ఒకాయన పిట్టల పుస్తకం తెచ్చుకుంటాడట. నిజంగా వేటాడేది రోమనూ, ఇంకొకాయనా. అదీ రోమన్ ఒక్కడే జింకను తెస్తాడు. మేమంతా ఇన్నేళ్ళూ తిన్నది ఆయన దయ.

"పిరికి సన్నాసుల్లారా, ఒక్కడైనా చెప్పారట్రా!" అన్నాడు రోమన్. సంచీ నా చేతిలోంచి తీసుకుని నా పక్క మీద పెట్టాడు. "బావా, నువ్వు పులుసు ఎక్కించి, ఖాళీ దొరికినప్పుడు మాటి మంచె ఎక్కి కూర్చో. మన పద్ధతిలో ఎక్కాలనే ఉంది, కాల్చాలని లేదు. ఇంకేమన్నా దాచావా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్. నా గుండె ఇంకో కాగితం తట్టుకోలేదు."

ఇంకేమీ లేదన్నాను.

మీ ముద్ర వేసిన కాగితం పొయ్యి పక్కన గోడకు మేకు కొట్టి తగిలించారు. ఆర్విడ్ తన పేరు మీద కూడా అలాంటిది ఒకటి పంపుతారా అని అడగమన్నాడు.

తుపాకుల పెట్టె రాత్రి కేబిన్ లోపలికి తెచ్చారు. అది నా పక్క దగ్గర ఉంది. నిద్ర బాగా పట్టింది.

కృతజ్ఞతలతో,
మీ లూడ్విగ్

తా.క. పుట్టగొడుగులతో కుదురుతుంది. నీళ్ళు ఇంకిపోయేదాకా ముందు విడిగా వేయించి, వరి అన్నం కాస్త ఎక్కువ కలిపి, క్యాబేజీ ఆకు ఈనె పలచగా చెక్కి చుట్టండి. నేను వచ్చే వారం ఒక గిన్నెడు చేసి పంపుతాను, మీ కుక్కకు వేరే ఏదైనా

ఆర్విడ్ కింద నిలబడి అరుస్తున్నాడు. నాకు సాయం చేద్దామని బంగాళదుంపలు తొక్క తీయకుండా, కడగకుండా పులుసులో పోశాడట. నురగ వస్తోందట. దిగి వెళ్ళి